పలిత సందేశం

చెవి చెంత తొలిసారిగా తెల్లబడిన ఒక్క వెంట్రుకను చూసి తటాలున పెరికివేసే మనిషి, తన వద్దకు వచ్చిన దూతను వాకిట నుండే తిప్పి పంపుతున్నానని ఎరుగడు. వార్ధక్యానికి ప్రాచీనులు ఇచ్చిన మొదటి ఆకృతి రోగం కాదు, మరణమూ కాదు, ఆ వెంట్రుకే. రఘువంశం పన్నెండవ సర్గ ఆరంభంలో కాళిదాసు, జర పలితరూపాన, అనగా నెరిసిన కేశంగా, దశరథుని కర్ణమూలానికి చేరి, రాజ్యలక్ష్మిని రామునికి అప్పగించవలసిందని గుసగుసగా చెప్పినట్లు భావించాడు. కైకేయి వింటుందన్న శంకతోనే అంత మెల్లగా చెప్పిందని ఊహించడం ఆ మహాకవి వ్యంజనాశిల్పం. బౌద్ధ జాతకాలలో మిథిలాధీశుడైన మఖాదేవుడు, తన శిరస్సున నెరిసిన కేశం కనబడిన నాడు తెలుపవలసిందని క్షురకునికి ముందుగానే ఆనతిచ్చి ఉంచి, ఆ దినం రాగానే దాన్ని అరచేతిలో పెట్టించుకొని చూసి, కుమారునికి పట్టం కట్టి ప్రవ్రజించాడు. మనుస్మృతి సైతం గృహస్థు వానప్రస్థానికి కదలవలసిన సమయాన్ని సంవత్సరాల సంఖ్యతో నిర్ణయింపక, చర్మాన ముడుతలను, తలపై నరపును, కుమారుని కుమారుణ్ణి కన్నులారా చూసిన వేళ అని చెప్పి ఊరుకుంది. ఏ పంచాంగంలోనూ లేని ఈ ముహూర్తాన్ని దేహమే నిర్ణయించి, దేహమే ప్రకటిస్తుందని ఆ విధి వెనుక ఉన్న విశ్వాసం. ఈ మూడు చోట్లా పలితం చెప్పిన మాట ఒక్కటే కావడం గమనింపదగినది: నీ చేతిలో ఉన్నదానిని నీ తరువాతి వానికి అందించే సమయం ఆసన్నమైంది.

ఈ దూత మాటను ఆలకించడానికి నేటి విజ్ఞానమూ పూనుకున్నది. ఆలకించే తీరు మాత్రం వేరు. 1993లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సింథియా కెన్యన్, మట్టిలో జీవించే మిల్లీమీటరు పొడవైన ఒక పురుగులో ఒకే ఒక జన్యువు మారినందువల్ల దాని ఆయువు రెట్టింపు కావడాన్ని నిరూపించిన నాటి నుండి, ఆయుఃప్రమాణం నొసట రాసిన చెరగని అంకె అన్న భావన ప్రయోగశాలలలో సడలిపోయింది. స్పెయిన్ దేశీయుడైన కార్లోస్ లోపెజ్ ఓటిన్ బృందం 2013లో వార్ధక్యానికి తొమ్మిది లక్షణాలను పేర్కొని, 2023లో వాటిని పన్నెండుకు విస్తరించి, జర అనేది అంతుపట్టని విధి కాక, కారణాలతో కూడి శోధనకు లొంగే ప్రక్రియ అని శాస్త్రలోకానికి దారి చూపింది. అంతకంటే ముందుగానే, ఏ మహామంత్రమూ అవసరం లేకుండా, శుభ్రమైన నీరు, టీకాలు, ప్రసూతి వైద్యం కలసి స్వాతంత్ర్యం నాటికి సుమారు 32 ఏళ్లుగా ఉన్న భారతీయుని సగటు ఆయుర్దాయాన్ని నేడు 70 దాటించాయి. శిశువులు బతికి బట్టకట్టడమే ఈ పెరుగుదలలో ప్రధానాంశమైనా, పెళ్లిపందిట్లో అక్షతలు చల్లి నూరేళ్లు వర్ధిల్లమని దీవించే పెద్దల వాక్కుకు ఇంతటి బలం ఏ యుగంలోనూ చేకూరలేదు. జ్యోతిషం వింశోత్తరీ దశలన్నిటినీ కలిపి పూర్ణాయువును 120 ఏళ్లుగా గణించగా, ప్రమాణపత్రాలతో నమోదైన మానవాయువులలో దీర్ఘతమమైనది 1997లో ఫ్రాన్సులో గతించిన జీన్ కాల్మెంట్ అనే వృద్ధురాలి 122 ఏళ్లు. ఈ సామీప్యాన్ని చూపి గర్వించడం సులభం. ఆ గర్వం వల్ల ఒక్క దినమైనా సార్థకం కాదు కనుక, దాన్ని అంతటితో విడిచి, ఆయువు దేనికోసం అన్న ప్రశ్న వైపు మరలడం మేలు.

ఆ ప్రశ్నను మహాభారతం సౌప్తికపర్వంలో అతి దారుణంగా అడిగింది. నిద్రిస్తున్న ఉపపాండవులను వధించి, గర్భస్థ శిశువుపై అస్త్రాన్ని మరల్చిన అశ్వత్థామకు కృష్ణుడు విధించిన శిక్ష మరణం కాదు. చీము, నెత్తురు ఓడే దేహంతో, పలకరించే ప్రాణి ఒక్కటి లేక, మూడు వేల సంవత్సరాలు భూమిపై తిరుగాడమన్న శాపం. హనుమంతునికి వరమైన చిరంజీవిత్వమే అశ్వత్థామకు శాపం కావడంలో, ఆయువు తనంతట తాను మంగళమూ కాదు, అమంగళమూ కాదు, అది ఎవరి చేతిలో ఏ ప్రయోజనానికి వినియోగమవుతున్నదో దానిని బట్టి రంగు పూసుకుంటుందన్న రహస్యం నిక్షిప్తమై ఉంది. హనుమంతుడు రామకథ జరిగే చోటల్లా ఉండాలని బతుకుతున్నాడు. అశ్వత్థామ చావు రానందువల్ల బతుకుతున్నాడు. 2019 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ గణన ప్రకారం లోకంలో సగటు ఆయుర్దాయం 73 ఏళ్లు కాగా, అందులో ఆరోగ్యంగా గడిచేది సుమారు 64 ఏళ్లు. మిగిలిన దాదాపు తొమ్మిదేళ్లు మంచానికో, మందులకో, వేదనకో అప్పగింపబడుతున్నవి. వార్ధక్య శాస్త్రవేత్తలలో వివేకవంతులు తమ లక్ష్యం ఆయువును పొడిగించడం కంటే ఈ తొమ్మిదేళ్ల ఎడాన్ని తగ్గించడమేనని పదేపదే చెప్పడం, తెలిసో తెలియకో, ద్రోణపుత్రుని శాపానికి విమోచనం వెదకడమే.

ఇక ఆ తెల్లని వెంట్రుక లోపలికి దృష్టి సారించితే, శాస్త్రం తన కంటితో చూసినది కావ్యం ఊహించిన దానికంటే గంభీరంగా కనబడుతుంది. పలితం ఒక వర్ణం కాదు, వర్ణం తొలగిపోయిన స్థితి. ప్రతి కేశమూలంలోనూ నలుపును తయారుచేసే కణాలు ఉంటాయి. అవి అలసి రాలిపోయినప్పుడల్లా వాటి స్థానాన్ని నింపడానికి, కొంచెం పైన ఒక చిన్న ఉబ్బులో మూలకణాలు నిక్షేపంగా దాగి ఉంటాయి. కేశం రాలి, మళ్లీ మొలిచే ప్రతి ఆవృత్తిలోనూ ఆ నిక్షేపం కొద్దికొద్దిగా వ్యయమై, ఒకనాడు అడుగంటుతుంది. ఆ తరువాత మొలిచే కేశం వర్ణహీనమై, శ్వేతంగా వెలికివస్తుంది. 2020లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో యా చే షూ బృందం చిట్టెలుకలపై జరిపిన పరిశోధనలో, తీవ్రమైన ఉద్వేగానికి లోనైనప్పుడు నాడుల నుండి స్రవించే నార్‌ఎడ్రినలిన్ తాకిడికి ఆ మూలకణాలన్నీ ఒక్కుమ్మడిగా ఉద్రేకించి, వర్ణకణాలుగా మారి, నెలవు విడిచి చెల్లాచెదురై, దినాల వ్యవధిలోనే శాశ్వతంగా హరించుకుపోవడం స్పష్టమైంది. ఆపద ముగిసిన పిదప కూడా ఆ నిక్షేపం తిరిగి నిండలేదు. క్రోధభయాదులు మనస్సులోనే పుట్టి మనస్సులోనే లయిస్తాయని తలచేవారికి ఇది ఒక హెచ్చరిక. క్షణికోద్వేగం దీర్ఘకాలానికై దాచిన మూలధనాన్ని తాకుతుందని, దేహం తన భాషలో తాను చెబుతున్నది.

అయితే ఆ మూలకణాల నిష్క్రమణ అంతా నష్టమేనా అన్న విచారణలోనే అసలు రహస్యం ఉంది. టోక్యో విశ్వవిద్యాలయంలో ఎమి నిషిమురా బృందం 2025లో ప్రకటించిన చిట్టెలుకల పరిశోధన ప్రకారం, తన జన్యుసూత్రం తెగి, బాగుపడరానంతగా దెబ్బతిన్న మూలకణం, తన సంతతిని పెంచుకొనే అధికారాన్ని విడిచి, పరిపక్వత చెంది, నిక్షేపస్థానం నుండి తొలగిపోతుంది. దాని తొలగింపే పైకి నరపుగా కనిపిస్తుంది. కొన్ని క్యాన్సర్ కారకాల ప్రభావంలో మాత్రం అదే కణం, అదే విధంగా దెబ్బతిని కూడా, తొలగిపోక, నెలవును పట్టుకొని సంతతిని పెంచుకుంటూ పోతుంది. దాని పర్యవసానం చర్మంలో పుట్టే ప్రాణాంతకమైన మెలనోమా క్యాన్సర్. నరపు వచ్చినంత మాత్రాన క్యాన్సర్ రాదని దీని అర్థం కాదని పరిశోధకులు స్పష్టం చేశారు. ఐనా ఒకే కూడలి వద్ద నిలిచిన ఒకే కణానికి రెండు దారులు ఉండడం, విడిచి వెళ్లిన దారి నరపు కావడం, విడువనొల్లని దారి వ్యాధి కావడం, సాధకుడు నిలిచి ధ్యానింపదగిన దృశ్యం. దేహంలో మూడవ రకం కణాలూ ఉన్నాయి. అవి విభజన మాని, పని విరమించి, అయినా మరణింపక, ఉన్న చోటనే ఉంటూ చుట్టూ తాపకారకాలను వెలిగక్కుతూ, ఇరుగుపొరుగు కణాలను సైతం ముదిమికి లోను చేస్తాయి. 2011లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు చిట్టెలుకల నుండి అటువంటి కణాలను తొలగించగా వాటి జరారోగాలు నెమ్మదించాయి. కణానికి సంకల్పం లేదు, పుణ్యపాపాలు లేవు. అయినప్పటికీ గీత చివరి అధ్యాయంలో భగవానుడు విభజించి చూపిన గుణభేదం ఈ మూడింటిలోనూ ప్రతిఫలించడం కాదనలేనిది. సమయమెరిగి తొలగడం సాత్త్వికం, పని మాని స్థానాన్ని మాత్రం అంటిపెట్టుకొని పరిసరాలను మండించడం తామసం, దెబ్బతిన్న తననే వేయింతలుగా పెంచుకోబూనడం రాజసం. ముదిసిన ప్రతి గృహంలో, ప్రతి పీఠంలో, ప్రతి పదవిలో ఈ మూడు స్వభావాలలో ఏది ఉన్నదో ఎవరికి వారే చూసుకోవలసి ఉంటుంది.

అమరత్వం కోసం తపించే మనిషికి కణలోకం చెప్పిన ఉత్తరం ఇంకా ఒకటి ఉంది. కోడిపిల్ల గుండె నుండి తీసిన కణాలను గాజుపాత్రలో 1912 నుండి పెంచుతూ, అవి నిరంతరం విభజన చెందుతూనే ఉన్నాయని నోబెల్ గ్రహీత అలెక్సిస్ కారెల్ ప్రకటించగా, కణం స్వతహాగా అమరమన్న విశ్వాసం దశాబ్దాలపాటు రాజ్యమేలింది. 1961లో ఫిలడెల్ఫియాలో లెనార్డ్ హేఫ్లిక్ ఆ విశ్వాసాన్ని తొలగించి, ఆరోగ్యవంతమైన మానవకణం సుమారు 50 విభజనల పిదప తనంతట తాను నిలిచిపోతుందని నిరూపించాడు. క్రోమోజోముల కొసలను కాపాడే టెలోమియర్లు విభజన విభజనకూ కురచనవుతూ ఆ లెక్కను పాటిస్తాయని తరువాత తేలింది. ఆ కొసల రహస్యాన్ని, వాటిని తిరిగి పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైమును కనుగొన్నందుకు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కేరల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ పురస్కారం లభించింది. అలాగైతే ఆ ఎంజైమును మేల్కొలిపి కణాలకు అమరత్వం ప్రసాదింపరాదా అంటే, ఆ పని ముందుగానే చేసుకున్నవి ఉన్నాయి. అధికశాతం క్యాన్సర్ కణాలు సరిగ్గా దానినే మేల్కొలిపి, మరణాన్ని మరచిపోయాయి. 1951లో బాల్టిమోర్ నగరంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరుతో మరణించిన హెన్రియెట్టా లాక్స్ దేహం నుండి సేకరించిన కణాలు, ఆమె గతించి డెబ్బై ఏళ్లు దాటినా లోకంలోని ప్రయోగశాలలలో నేటికీ విభజన చెందుతూనే ఉన్నాయి. ఆ కణాలు వైద్యానికి చేసిన ఉపకారం అపారం. ఐనా వాటి అమరత్వం, తమను కన్న దేహాన్ని కూల్చినదే. మృత్యుంజయ మంత్రాన్ని నిత్యం జపించేవారు దాని కోరికను మళ్లీ ఒకసారి పరికించాలి. అందులో భక్తుడు దేహానికి చావులేని బతుకును యాచించడు. పండిన దోసపండు తొడిమ నుండి నొప్పి లేకుండా విడివడినట్లు మృత్యుబంధం నుండి విడివడాలని యాచిస్తాడు. పండకముందే తెంపబడరాదన్న ప్రార్థన, పండిన పిదప తీగను పట్టుకొని కుళ్లరాదన్న ప్రార్థన, రెండూ ఆ ఒక్క ఉపమానంలో ఇమిడి ఉన్నాయి. అపమృత్యువును నివారించే వైద్యమూ, పరిపక్వ మృత్యువును అంగీకరించే వేదాంతమూ పరస్పర విరోధులు కావని ఆ మంత్రద్రష్ట ఎరుగును.

తీగను విడువని వాని కథ యయాతిది. నన్నయ ఆదిపర్వంలో తెలుగువారికి అందించిన ఈ ఉపాఖ్యానాన్నే పొన్నెగంటి తెలగన అచ్చతెనుగు కావ్యంగా మలచుకున్నాడు. శుక్రశాపంతో అకాలజరకు గురైన ఆ చక్రవర్తి తన ముదిమిని పుచ్చుకొని యౌవనాన్ని ఇమ్మని కుమారులను ఒక్కొక్కరినే అడుగగా, యదువు మొదలైన నలుగురు నిరాకరించగా, కనిష్ఠుడైన పూరుడు అంగీకరించాడు. వేయి సంవత్సరాలు భోగాలు అనుభవించిన పిదప, అనుభవం వల్ల కోరిక శమింపక మరింత ప్రజ్వలిస్తుందని గ్రహించిన యయాతి, యౌవనాన్ని కుమారునికి మరలించి, రాజ్యాన్నీ వానికే ఒప్పగించి, అడవికి వెళ్లాడు. పురాణమని పక్కన పెట్టదగిన ఈ వినిమయాన్ని 2005లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో థామస్ రాండో, ఇరినా కన్‌బాయ్ బృందం అక్షరాలా జరిపింది: ముసలి చిట్టెలుక పార్శ్వాన్ని పడుచు చిట్టెలుక పార్శ్వంతో జతచేసి, రెండింటి రక్తాన్నీ ఒకే ప్రవాహంగా కలుపగా, ముసలిదాని కండరంలో, కాలేయంలో పునరుద్ధరణ శక్తి తిరిగి మేల్కొన్నది. ఈ వార్త వెలువడిన కొన్నేళ్లకే యువకుల రక్తరసాన్ని వృద్ధులకు ఎక్కించే వ్యాపారాలు అమెరికాలో తలెత్తగా, అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2019 ఫిబ్రవరిలో అటువంటి చికిత్సలకు నిరూపితమైన ప్రయోజనం లేదనీ, అవి ప్రమాదకరం కావచ్చుననీ హెచ్చరించవలసి వచ్చింది. 2023లో ఆ దేశపు సంపన్నుడొకడు పదిహేడేళ్ల తన కుమారుని రక్తరసాన్ని తన దేహంలోకి ఎక్కించుకొని, కొద్ది నెలలకే ఏ మేలూ కనబడలేదని తానే ప్రకటించి విరమించాడు. యయాతికి వేయేళ్లు పట్టిన విరమణ ఇతనికి నెలలలో సిద్ధించినందుకు సంతోషింపవలసిందే. ఐతే యయాతి విరమించినది భోగతృష్ణ నుండి, ఇతడు విరమించినది ఒక చికిత్స నుండి మాత్రమే. పూరుని పక్షం నుండి చూసినా కథ నిజమైంది: ముసలి చిట్టెలుక రక్తాన్ని పడుచు చిట్టెలుకకు ఎక్కించగా, పడుచుదాని అవయవాలలో ముదిమి లక్షణాలు పొడసూపుతాయని 2022లో మరొక పరిశోధన నిరూపించింది. ముదిమి చేతులు మారగలదు. మారినంత మాత్రాన లోకంలో దాని పరిమాణం తగ్గదు.

ఈ పరంపరలో అత్యంత గంభీరమైన మలుపు 2020లో వచ్చింది. ఆ ఇరినా కన్‌బాయ్, ఆమె భర్త బర్‌క్లీలో, ఈసారి యువరక్తం ఒక్క చుక్కైనా వాడకుండా, ముసలి చిట్టెలుకల రక్తరసంలో సగాన్ని తీసివేసి, దాని స్థానంలో ఉప్పునీటిని, ఆల్బుమిన్ అనే ప్రోటీనును మాత్రమే నింపి చూశారు. యువరక్తంతో కలిగిన మేళ్లే దాదాపుగా మళ్లీ కలిగాయి. అనగా పునరుజ్జీవనానికి కారణం బయటి నుండి వచ్చిన యౌవనం కంటే, ఏళ్ల తరబడి లోపల పేరుకొన్నది పలుచబడడమే కావచ్చునని ఆ ప్రయోగం సూచించింది. యయాతి కుమారుల ముందు చేయి చాచవలసిన అవసరమే లేకపోయింది. తనలో నిలువచేసుకొన్న దానిని వదులుకుంటే చాలునన్నమాట. ముదిమిని వారించే రసాయన తంత్రాన్ని అష్టాంగాలలో ఒకటిగా నిలిపిన ఆయుర్వేదం సైతం రసాయన సేవనానికి ముందు సంశోధనాన్ని విధించింది. మలినం తొలగని దేహానికి ఏ దివ్యౌషధమూ ఫలింపదని ఆచార్యుల నిశ్చయం. చరకుడు వర్ణించిన కుటీప్రావేశిక విధిలో, సాధకుడు ఒకదాని లోపల ఒకటిగా మూడు గర్భాలు గల కుటీరాన్ని శుభదినాన ప్రవేశించి, కామక్రోధాదులను విడిచి, సర్వభూతాల యెడ మైత్రిని వహించి, శోధన పూర్తయిన పిదపనే ఔషధాన్ని స్వీకరిస్తాడు. త్రిగర్భమైన ఆ కుటీరం ఎక్కడో వనంలో కట్టవలసిన కట్టడమే కాదు. స్థూల, సూక్ష్మ, కారణ శరీరాలనే మూడు గోడలను ఒక్కొక్కటిగా దాటుకుంటూ, వెలుతురు, గాలి, జనసందడి క్రమంగా సన్నగిల్లే అంతర్గృహానికి చేరి, అక్కడ ఏమీ పుచ్చుకోక ముందు ఏది వదిలివేయాలో తేల్చుకొనే జీవునికి అది నమూనా. చ్యవనుడు అశ్వినీదేవతల అనుగ్రహంతో పొందిన యౌవనానికీ, యయాతి పుత్రుని నుండి పుచ్చుకొన్న యౌవనానికీ భేదం ఇక్కడే ఉంది. చ్యవనునిది ఎవరినీ ముసలివానిని చేయలేదు.

విడిచిపెట్టడం నిత్యజీవితంలో ధరించిన సరళరూపం ఉపవాసం. టోక్యోలో యోషినోరి ఓసుమి 1988లో, ఆహారం అందకుండా చేసిన యీస్టు కణాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ఆకలిగొన్న కణం తనలోని శిథిల పదార్థాన్ని సంచులలో చుట్టి, కరిగించి, దానినే తిరిగి ఉపయోగించుకోవడాన్ని గుర్తించాడు. ఆ ప్రక్రియకు మూలమైన జన్యువులను కనిపెట్టిన కృషికి 2016లో నోబెల్ పురస్కారం అందుకున్నాడు. కణంలో పోషణ పుష్కలమా, స్వల్పమా అని నిత్యం కనిపెట్టి, పుష్కలమైతే పెంపుదలను, స్వల్పమైతే శుద్ధిని ప్రేరేపించే టార్ అనే ప్రోటీను ఉందనీ, దాని ఉరవడిని రాపమైసిన్ అనే ఔషధం తగ్గిస్తుందనీ ఇతర పరిశోధనలలో తేలింది. ఈస్టర్ ద్వీపపు మట్టిలోని సూక్ష్మజీవి నుండి దానిని వేరుచేసినవాడు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివిన సురేంద్రనాథ్ సెహగల్ కావడం ఆనందదాయకం. 2009లో మానవుల అరవయ్యవ పడికి సమానమైన వయసులో ఆ ఔషధాన్ని ఆరంభించిన చిట్టెలుకలు సైతం ఎక్కువ కాలం జీవించాయి. దీనిని ఆధారం చేసుకొని ఏకాదశీ వ్రతాన్ని నోబెల్ పురస్కారానికి ముడిపెట్టి ఊరేగించేవారు శాస్త్రానికీ వ్రతానికీ కూడా అపచారమే చేస్తున్నారు. యీస్టులో కనిపించినది మనిషిలో ఒక్క పూట ఉపవాసానికి ఎంతగా జరుగుతుందో యీస్టు చెప్పజాలదు. వ్రతానికి లక్ష్యం కణశుద్ధి కాదు, దశేంద్రియాలనూ పదకొండవదైన మనస్సునూ ఒక్క దినమైనా విషయాల నుండి మరలించి హరియందు నిలపడం. పైగా కోతులపై జరిగిన దీర్ఘకాల పరిశీలనలు ఇంకా సూక్ష్మమైన పాఠం చెప్పాయి. ఆహారాన్ని సుమారు మూడవ వంతు తగ్గించిన కోతులు ఆరోగ్యంగా మనుగడ సాగించాయని 2009లో విస్కాన్సిన్ పరిశోధకులు ప్రకటించగా, అటువంటి నియమంతోనే ఆయువు పెరగలేదని 2012లో అమెరికా జాతీయ వార్ధక్య పరిశోధన సంస్థ ప్రకటించింది. ఈ వైరుధ్యానికి ముఖ్యకారణాలలో ఒకటి, మొదటి చోట పోల్చి చూసిన కోతులు చక్కెర మెండైన మేతను తృప్తిదీరా తిన్నవి కాగా, రెండవ చోట అవి ముందునుండే మితంగా, మేలైన మేత తిన్నవి కావడం. మితం తప్పినవానికి తగ్గింపు మేలు చేస్తుంది. మితంలో ఉన్నవానికి మరింత కృశించడం వల్ల చేకూరేది స్వల్పం. అతిగా భుజించేవానికీ, బొత్తిగా భుజింపనివానికీ యోగం సిద్ధింపదని ఆత్మసంయమ యోగంలో అర్జునునికి చెప్పిన మధ్యమార్గం, కోతుల బోనుల నుండి కూడా వినిపిస్తున్నది. మధుమేహం గలవారు, మందులు వాడే వృద్ధులు వైద్యుని అనుమతి లేకుండా కఠినోపవాసాలకు దిగడం ఏ ధర్మశాస్త్రానికీ సమ్మతం కాదు. రోగికీ వృద్ధునికీ వ్రతవిధులలో సడలింపు ఏనాడో ఇవ్వబడింది.

పేరుకొన్న వాటిలో అన్నిటికంటే బరువైనది చింత. 2004లో ఎలిస్సా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ కలసి, దీర్ఘవ్యాధులతో బాధపడే బిడ్డలను పెంచుతున్న తల్లులతో సహా 58 మంది స్త్రీలను పరీక్షించగా, భారాన్ని అత్యధికంగా అనుభవిస్తున్నామని చెప్పినవారి రక్తకణాలలో టెలోమియర్లు కురచగా ఉన్నాయి. ఆ తరుగు కనీసం పదేళ్ల అదనపు వయసుకు సమానమని వారు అంచనా కట్టారు. ఆ తల్లులకు ఔషధం కంటే ముందుగా కావలసినది, వారి భుజాన ఉన్న బరువులో ఒక పాలు మోసే మరొక భుజం. వార్ధక్యాన్ని ఒంటరి దేహపు వ్యవహారంగా మాత్రమే చూసే దృష్టి ఇక్కడ పొరబడుతుంది. ఒక ఇంటిలో ఒకరు దించుకొన్న బరువు మరొకరి కేశాలను నెరపిస్తుంది, ఒకరు పంచుకొన్న బరువు మరొకరి ఆయువును నిలుపుతుంది. అందుకే చరకసంహిత రసాయనాధ్యాయం ఉసిరికలను, కరక్కాయలను, స్వర్ణాది లోహాలను విస్తరించి చెప్పి, చివరి పాదంలో ఔషధం లేని రసాయనం ఒకటి ఉపదేశించింది. సత్యం పలికేవాడు, క్రోధం లేనివాడు, మద్యానికి దూరమైనవాడు, హింస మానినవాడు, శరీరాన్ని అతిశ్రమకు గురిచేయనివాడు, ప్రియంగా మాట్లాడేవాడు, నిద్రా జాగరణలను సమంగా పాటించేవాడు, గురువులను, వృద్ధులను సేవించేవాడు, దయాళువు, అహంకారం లేనివాడు, నిత్య రసాయనసేవియేనని ఆచార్యుని నిర్ణయం. దానికి ఆచార రసాయనమని పేరు. ఈ జాబితాలో వృద్ధసేవ చేరి ఉండడాన్ని యువకులు, అహంకారం లేకుండడం చేరి ఉండడాన్ని వృద్ధులు ప్రత్యేకంగా చదువుకోవాలి. షష్టిపూర్తికి శుభలేఖలు అచ్చు వేయించే ముందు, ఇంటి తాళపుచెవులు ఎవరి చేతికి ఇవ్వాలో, తెలిసిన విద్య ఎవరికి చెప్పాలో, ఎవరితో పెంచుకొన్న వైరాన్ని ఈ జన్మలోనే ముగించాలో ఆ దంపతులు కూర్చొని తేల్చుకొందురు గాక. మనుమలు తాతల వద్ద దినానికి ఒక్క గడియైనా గడుపుదురు గాక. చరకుడు చెప్పిన త్రిగర్భ కుటీరం ధనం, తీరిక, పరిచారకులు గలవారికి మాత్రమే సాధ్యమని ఆయనే అంగీకరించాడు. ఆచార రసాయనానికి కుటీరం అక్కరలేదు, వైద్యుడు అక్కరలేదు, దానిని ఏ వయసులోనైనా, తల ఎంత నెరిసిన పిదపనైనా ఆరంభించవచ్చు.